ఫారసీకి ఖజానా తెరిచిన్రు, మన మాటలకు ఎవరు తెరుస్తరు?

ఫారసీ భాషకు ఒక పెద్ద నిఘంటువు మన హైదరాబాద్‌ల తయారైందని మనలో ఎంతమందికి తెలుసు? పేరు ఫర్హంగె నిజాం. రాసినాయన ఇరాన్ నుంచి వచ్చిన పండితుడు సయ్యద్ మహమ్మద్ అలీ దాయీ అల్ ఇస్లాం. 1920లల్ల మొదటి సంపుటం అచ్చయింది, 1939 నాటికి అయిదు పూర్తయినయి. మాటల పుట్టుక వెతికిండు, ఉచ్చారణ చూపెట్టడానికి అవెస్తా లిపి వాడిండు. పోషకుడెవరో పేరులనే ఉన్నది.

ఆ ఖజానాలకు తెలంగాణ రైతు కట్టిన శిస్తు కూడా పోయింది. అయితే ఆ రైతు మాట్లాడే తెలుగుకు అసువంటి గ్రంథం కావాలని దర్బారుకు తోచలేదు. అటు పిఠాపురం రాజా అండతో 1911ల మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువేమో కావ్యాల మాటలకే పెద్దపీట వేసింది. పాలకుని భాషకొకటి, పండితుని భాషకొకటి. నడుమ మనం.

ఈ లోటు ఆక్లాండ్ దాకా వచ్చింది. ఇక్కడ తెలుగు నేర్చుకునే మా బిడ్డ 'దర్వాజ' అని రాస్తే 'తలుపు' అని దిద్దిన్రు. మన ఇండ్లల్ల దర్వాజకు తోరణం కడ్తం, తలుపు మూస్తం. రెండూ వేర్వేరు! మాట ఫారసీదే, కానీ ఆ తేడా మన తెలుగుది. చూపెట్టి వాదిద్దామంటే అందరూ ఒప్పుకునే పుస్తకం చేతుల లేదు.

ఇరాన్‌ల దెహ్‌ఖుదా లక్షల చీటీల మీద మాటలు రాసుకుంటె, అచ్చు బాధ్యత సర్కారే తీసుకోవాలని 1940లల్ల వాళ్ల పార్లమెంటు చట్టం చేసింది. ఆయన 1956ల పోయినా పని ఆగలేదు, 1980 దాకా సాగింది. నేనుండే దేశంలనే చూడండి. మావోరీ భాషకు 1844ల విలియం విలియమ్స్ అనే మిషనరీ నిఘంటువు అచ్చేస్తే, కొడుకు, మనుమడు పెంచుకుంటూ వచ్చిన్రు. కానీ అది బయటివాళ్లు ఇంగ్లిష్‌ల అర్థం చెప్పిన పుస్తకం. 1987ల చట్టం వచ్చి మావోరీ అధికార భాష అయినంకనే, భాషా కమిషన్ 2008ల మావోరీకి మావోరీలనే అర్థం చెప్పే 'హె పాతక కుపు' తెచ్చింది. (పాతక అంటే మన పాతకం కాదు, గుమ్మి. మాటల గుమ్మి!)

మన దిక్కు నలిమెల భాస్కర్ సారు ఒక్కడే కూసోని తెలంగాణ పదకోశం తెచ్చిండు. దండం పెట్టాలె. కానీ ఒక్క మనిషి ఓపిక మీద ఒక జాతి భాషను వదిలేసుడు న్యాయమా? రాష్ట్రం అడిగింది నీళ్లకు, కొలువులకే కాదు. మోట కొట్టినోళ్లు, మగ్గం నేసినోళ్లు, కుమ్మరి సారె తిప్పినోళ్లు ఇంకా కొంతమంది ఉన్నరు. వాళ్ల పనిముట్ల పేర్లు ఊరూరా తిరిగి రాసుకునే ఖర్చు బడ్జెట్‌ల ఉండాలె.

అప్పటిదాకా మనం చేతులు కట్టుకొని కూసునే పని లేదు. ఆదివారం అమ్మకు, నాయినకు ఫోన్ చేస్తం గదా. ఆరోగ్యం అడిగినంక, బాయికాడ వాడిన ఒక్కొక్క వస్తువు పేరు అడిగి, వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి, ఊరు పేరుతో సహా దాచండి.