మందునకు లొంగని జ్వరము

నిజాంపేట మేడలలో బిడ్డలను విదేశములకంపి యొంటరిగ నున్న వృద్ధులు పెక్కురు. మూత్రదోషము నెత్తురునకెక్కి, ఏ మందునకును లొంగదేని వారి గతి యేమి? 70 యేండ్లు దాటినవారిలో నిట్టి మొండి సూక్ష్మజీవులవలని మరణములు 1990 నుండి 2021 వఱకు లోకమున నూటికి 80కి పైగా పెరిగినవని 2024లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది.

విషబీజము మనకు దూరమున లేదు. పటాన్‌చెరువు మందుల కార్ఖానాల మురుగును శుద్ధిచేసి విడుచు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఆ మందు మ్రింగిన రోగి నెత్తురున నుండుదానికంటె నిది హెచ్చు! శుద్ధిచేసిన నీరే యిట్లున్నది. సూక్ష్మజీవులు మందును జయించు విద్య నేర్చుట కింతకు మించిన బడి వేఱొకటి కావలెనా? చీటి లేకయే మాత్రలమ్ము దుకాణములకును ఇందు పాలు కలదు.

ఇట్టి శేషములకు హద్దులేర్పఱచు ముసాయిదాను 2020లో ప్రకటించిన కేంద్రప్రభుత్వమే 2021 నాటి తుది శాసనమున వానిని తొలగించినది. స్వదేశపు మందులు ఖండాంతరముల కేగుట మాకును సంతోషమే; మురుగు మాత్రము మన చెరువులకు మిగులుట కంగీకరింపము. తొలగించిన హద్దులను మరల చేర్చి, కాలువనీటి పరీక్షాఫలితములను నెలనెల తెలుగున ప్రకటింపవలెనని కోరుచున్నాము.