మౌస్ మీద నుంచి చెయ్యి తీయండి

రెండేళ్ల కిందటి మాట. రాత్రి పదకొండున్నరకి ఫోన్. మా అప్లికేషన్‌లో పేమెంట్లు ఫెయిలవుతున్నాయట. కాల్‌లో మేనేజరు, టెస్టింగ్ వాళ్లు, ఇంకో నలుగురు. నా స్క్రీన్ షేర్ చేశాను. తప్పు ఏ ఫైల్లో ఉందో నాకు తెలుసు. అయినా ఎడమవైపు ఫోల్డర్లు ఒక్కొక్కటే క్లిక్ చేసుకుంటూ, రెండు వేల లైన్ల ఫైల్లో మౌస్ చక్రం తిప్పుకుంటూ వెతుకుతున్నాను. కాల్‌లో ఒక్కరూ మాట్లాడటం లేదు. ఆ కంగారులో, ఒకే పేరున్న రెండు ఫంక్షన్లలో ఒకదాని బదులు ఇంకోటి మార్చేశాను. టెస్టింగ్‌లో పట్టుకున్నారు కాబట్టి బతికిపోయాను.

మర్నాడు టీ దగ్గర మా సీనియర్ ఒకావిడ మెల్లగా అన్నారు: "నీకు కోడ్ రాయడం వచ్చు తమ్ముడూ, కోడ్‌లో తిరగడమే రాదు."

నిజమే. రోజంతా మేం కొత్తగా రాసేదానికంటే, ఉన్నదాన్ని చదువుతూ అటూ ఇటూ తిరిగేదే ఎక్కువ. అందుకని ఆ వారమే మొదలుపెట్టాను. నేను వాడేది వీఎస్ కోడ్. కింద చెప్పేవి విండోస్‌లో మీటలు. మ్యాక్‌లో కొన్ని వేరుగా ఉంటాయి.

మొదటిది కంట్రోల్+పి. ఫైల్ పేరులో నాలుగు అక్షరాలు కొడితే చాలు, ఫోల్డర్లు తెరవక్కర్లేదు. పేరు తర్వాత కోలన్ పెట్టి 120 అని కొడితే నేరుగా 120వ లైన్‌కే వెళ్తుంది. ఫైల్ ఇప్పటికే తెరిచి ఉంటే కంట్రోల్+జి కొట్టి లైన్ నంబరు ఇవ్వండి. ఫంక్షన్ పేరుతో వెతకాలంటే కంట్రోల్+షిఫ్ట్+ఓ.

ఆ రాత్రి నన్ను కాపాడగలిగింది మాత్రం ఎఫ్12. ఫంక్షన్‌ని ఎక్కడ వాడారో అక్కడ కర్సర్ పెట్టి ఇది కొడితే, అసలు ఫంక్షన్ రాసిన చోటికి తీసుకెళ్తుంది. పేర్లు ఒకటే అయినా నేను సరైనదాని దగ్గరికే వెళ్లేవాణ్ని. మళ్లీ వెనక్కి రావాలంటే ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం.

కోడ్ రాయనివాళ్లకీ పనికొచ్చేవి ఉన్నాయండోయ్! కంట్రోల్ పట్టుకుని బాణం మీట కొడితే కర్సర్ అక్షరం అక్షరం కాకుండా మాట మాట దాటుతుంది. కంట్రోల్+బ్యాక్‌స్పేస్ మాట మొత్తం చెరిపేస్తుంది. కంట్రోల్+హోమ్ ఫైల్ మొదటికి, కంట్రోల్+ఎండ్ చివరికి. ఈమెయిల్‌లోనూ, వర్డ్‌లోనూ ఇవి పనిచేస్తాయి. మన తెలుగు మాటలు పొడుగు కదా, లాభం ఇంకా ఎక్కువ!

ఈ మీటల వెనక ఒక చిన్న కథ కూడా ఉంది. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ 'వీఐ' అనే ఎడిటర్ రాశాడు. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌కి విడిగా బాణం మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాలు ముద్రించి ఉండేవి. అందుకే వీఐలో హెచ్ ఎడమకి, జె కిందికి, కె పైకి, ఎల్ కుడికి. ఆ టెర్మినల్ పోయి ఎన్నేళ్లయినా, దాని వారసుడు విమ్‌లో ఇప్పటికీ అవే మీటలు. సర్వర్లోకి లాగిన్ అయితే చాలాసార్లు దొరికేది అదే కాబట్టి, ఆ నాలుగూ తెలిసి ఉండటం మంచిది.

అన్నీ ఒకేసారి నేర్చుకోవద్దు. నేనలా చేసి నాలుగు రోజుల్లో మొత్తం మర్చిపోయాను. వారానికి ఒక్కటి చాలు. చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించుకోండి, మౌస్‌ని కాస్త దూరంగా జరపండి. మొదటి మూడు రోజులు పని నెమ్మదిస్తుంది, విసుగొస్తుంది. తర్వాత వేళ్లకే అలవాటైపోతుంది. మిగిలే సెకన్లు పెద్ద విషయం కాదు. వెతుకులాటలో పడి అసలు ఆలోచన తెగిపోకుండా ఉండటమే లాభం.

పోయిన నెల మళ్లీ అలాంటి ఫోనే వచ్చింది. కంట్రోల్+పి, కంట్రోల్+జి, ఎఫ్12. మార్చాల్సింది మార్చేదాకా మౌస్ ముట్టుకోలేదు. కాల్ అయ్యాక ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. త్వరగా పడుకున్నాను. అది చాలు!