ఊరి పెరటికి తాళము

ఇరుగుపొరుగున అంటువ్యాధి పొడచూపినప్పుడు గృహిణి మొట్టమొదట చేయు పని వీధితలుపు మూయుట. పిల్లలను బయటికి పోనీయదు. వచ్చినవారిని వాకిటనే నిలిపి నాలుగు మాటలాడి పంపివేయును. ఇది వివేకముగల పనియే. కాని ఆ గృహిణియే వంటయింటి కిటికీని మాత్రము మూయదు. పొగ పోవుటకును, గాలి వచ్చుటకును అది తెరచియే యుండవలెనని ఆమె యెరుగును. ఏ తలుపు మూయవలెనో, ఏ కిటికీ తెరచియుంచవలెనో తెలిసికొనుటయే గృహనిర్వహణమునకు ప్రాణము.

పట్టణమును గూడ ఒక పెద్ద యిల్లుగా భావించినచో, దాని గృహిణి పురపాలక సంఘము. ఆ యింటి పెరడు పార్కు. పిల్లల యాటచోటు ఉయ్యాలలును జారుడుబల్లలును గల క్రీడాస్థలము. 2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి లోకమును చుట్టుముట్టినప్పుడు ఈ పెద్ద యిండ్లలో ఏ తలుపులు మూయబడెనో, అందువలన ఎవరి కేమి కలిగెనో సోదరీమణులు ఒకసారి విచారింపదగియున్నది.

నిదర్శనమునకు లండను నగరమును తీసికొందము. మన దేశమున ఆ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి అమలైన నిర్బంధమున ఏది మూయవలెనను నిర్ణయము చాలవరకు ఢిల్లీనుండియే వచ్చెను. ఇంగ్లండులోనైతే వ్యాయామశాలలును, ఈతకొలనులును మార్చి 20వ తేదీ రాత్రినుండి దొరతనమువారి యాజ్ఞచే మూతపడెను. 23వ తేదీన ప్రజలందరు ఇండ్లలోనే యుండవలెననియు, వ్యాయామమునకై దినమున కొకసారి మాత్రము బయటికి పోవచ్చుననియు ప్రధానమంత్రి ప్రకటించెను. పిల్లల క్రీడాస్థలములకు తాళములు పడెను. పార్కులు మాత్రము నడకకై తెరచియుండవచ్చును. అయితే పార్కులలో చాలవాటి యజమాని స్థానిక సంఘమే గనుక, తాళపుచెవి వారి చేతిలోనే మిగిలెను. బుద్ధికి పరీక్ష అక్కడనే వచ్చెను.

తూర్పు లండనులో విక్టోరియా పార్కు అను ఉద్యానవనము కలదు. అది 200 ఎకరములకు మించినది. దాని పుట్టుక వినదగినది. 1839లో విలియం ఫార్ అను వైద్యగణకుడు జననమరణముల లెక్కల నివేదికలో, పేదలు క్రిక్కిరిసియున్న తూర్పు లండనున ఒక పార్కు ఏర్పడినచో ఏటేట వేలకొలది మరణములు తగ్గవచ్చునని వ్రాసెను. మరుసటి సంవత్సరము 30,000 మంది సంతకములతో విక్టోరియా రాణికి అర్జీ పోయెను. 1845లో పార్కు ప్రజలకు తెరువబడెను. వ్యాధులకు విరుగుడుగా పుట్టిన తోట యిది.

అట్టి తోటను 2020 మార్చి 25వ తేదీన టవర్ హామ్లెట్స్ పురపాలక సంఘమువారు మూసివేసిరి. జనులు ఒకరికొకరు రెండు మీటర్ల యెడము పాటించుటలేదని వారు చెప్పిన కారణము. మరల తెరచినది ఏప్రిల్ 11వ తేదీన. అనగా రెండు వారములకు పైగా ఆ ప్రాంతమువారికి ఊరి పెరడు లేకపోయెను. ఆ ప్రాంతమెట్టిది? 2021 జనగణన ప్రకారము ఇంగ్లండు అంతటిలో జనసాంద్రత అత్యధికముగా నున్నది టవర్ హామ్లెట్స్‌లోనే. చదరపు కిలోమీటరునకు 15,000 మందికి పైగా నున్నారు. వారిలో మూడవవంతు బంగ్లాదేశమునుండి వచ్చిన కుటుంబములవారు. అక్కడ పలువురకు అంతస్తులపై అంతస్తులుగా కట్టిన భవనములలోని వాటాలే యిండ్లు.

దక్షిణ లండనులో బ్రాక్‌వెల్ పార్కు సంగతి మరియొకటి. ఏప్రిల్ 4వ తేదీ శనివారము. మంచి యెండ కాసెను. ఆ దినమున 3,000 మందికి పైగా వచ్చిరనియు, వారిలో పలువురు ఎండలో పరుండియుండిరనియు, గుంపులుగా కూడిరనియు లాంబెత్ సంఘమువారు ఆక్షేపించి మరునాడు పార్కును మూసిరి. సోమవారము మరల తెరచిరి. మనము ఇంటి పద్దు వ్రాసికొనునట్లు ఈ లెక్కయు వేసి చూతము. ఆ పార్కు వైశాల్యము సుమారు 125 ఎకరములు. ఆ మూడువేల మందియు ఒక్క గడియలోనే వచ్చి నిలిచినను, మనిషి కొక్కంటికి 200 చదరపు గజముల చోటు వచ్చును. మన యూళ్లలో ఒక కుటుంబము ఇల్లు కట్టుకొనుటకు చాలునంత స్థలమది! నిజమే, జనులు లెక్క ప్రకారము సమముగా చెదరి నిలువరు. చెట్టునీడనో, చెరువుగట్టుననో గుమిగూడుదురు. అయినను గుంపును విడదీయుట వేరు, తోటనే మూయుట వేరు.

తోటకు తాళము పడినప్పుడు అందరకు సమానముగా కష్టము కలుగదు. ఇంటివెనుక పెరడు గలవాడు ఆ దినముననే తన గులాబులకు నీరు పోసికొని సుఖముగా నుండగలడు. 2020 మే నెలలో బ్రిటిషు జాతీయ గణాంక కార్యాలయమువారు ప్రకటించిన లెక్కలను బట్టి, ఆ దేశమున ప్రతి ఎనిమిది కుటుంబములలో ఒకదానికి సొంత పెరడు గాని, పదుగురితో పంచుకొను తోట గాని లేదు. లండనులో ఐదింట ఒక కుటుంబము స్థితి యిదియే. ఇంగ్లండులోని తెల్లవారిలో నూటికి పదిమందికి బయటి చోటు లేకుండగా, నల్లజాతివారిలో నూటికి ముప్పదియేడుగురకు లేదు. మాట ఒక్కటియే, "ఇంటనే యుండుడు" అని. కాని విన్న యిల్లు ఒక్కతీరుది కాదు. బడులు మూతపడి, ఇరువురు ముగ్గురు పిల్లలతో నాలుగవ అంతస్తులో దినమంతయు గడపిన తల్లికి ఆ పార్కు విలాసము కాదు, ఊపిరి.

ఇందుచేత సంఘములవారిని నిందించుట న్యాయము కాదు. ఆ తొలివారములలో వ్యాధి తత్త్వము ఎవరికిని చక్కగా తెలియదు. పట్టుకొన్న వస్తువులవలన అంటునేమో యను భయము మెండుగా నుండెను. ఉయ్యాలగొలుసులకు తాళము వేయుటకు కారణమదియే. తరువాత జరిగిన పరిశోధనలలో ఈ వ్యాధి ముఖ్యముగా గాలి యాడని గదులలో ఊపిరివెంట వ్యాపించుననియు, ఆరుబయట దాని బలము చాల తగ్గుననియు తేలెను. వస్తువులను తాకుటవలన అంటు ప్రమాదము స్వల్పమని 2021 ఏప్రిలులో అమెరికా వ్యాధినివారణ కేంద్రము ప్రకటించెను. అనగా తెరచియుండవలసిన కిటికీని, తలుపని భ్రమించి మూసితిమన్నమాట.

2020 ఏప్రిల్ 18వ తేదీననే స్థానిక సంస్థల మంత్రి రాబర్ట్ జెన్రిక్, పార్కులు తెరచియే యుండవలెనని సంఘములకు స్పష్టముచేసి, పెరడు లేనివారి కష్టమును గూడ పేర్కొనెను. క్రీడాస్థలములు మాత్రము జూలై 4వ తేదీవరకు తెరచుకొనలేదు. మూడు నెలలకు పైగా ఉయ్యాలలు ఊగలేదు. అయితే అనుభవము వృథా పోలేదు. ఆ యేడు నవంబరులోను, 2021 జనవరిలోను మరల నిర్బంధము వచ్చినప్పుడు వ్యాయామశాలలు మూతపడెను గాని, పిల్లల క్రీడాస్థలములు తెరచియే యుండెను. తప్పు దిద్దుకొనగల పాలనయే మంచి పాలన.

ఈతకొలనుల గతి వేరు. నాలుగు గోడలమధ్య జనులు చేరు చోటు గనుక వానిని మూయుట సమంజసమే. కాని అచట మరియొక పాఠము కలదు. కొలనును మూసినంతమాత్రమున ఖర్చు ఆగదు. నీటిని శుభ్రపరచుచుండవలెను, యంత్రములను కాపాడవలెను, రుసుము మాత్రము రాదు. ఇట్లు నష్టపడిన సంఘముల వ్యాయామకేంద్రములను నిలుపుటకు ఇంగ్లండు దొరతనమువారు 10 కోట్ల పౌనుల నిధిని ఏర్పరుపవలసివచ్చెను. అయినను కొన్ని కొలనులు మరల తెరువబడనేలేదు. ప్రజలసొత్తునకు ఒకసారి తాళము పడినచో, అది తుప్పుపట్టకముందే తీయు నేర్పు కావలెను.

దూరదేశపు ముచ్చట మన కెందుకని పాఠికలు కొందరు అనుకొనవచ్చును. 1992లో ఆమోదింపబడిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనుల పట్టికలో పార్కులను, తోటలను, క్రీడాస్థలములను చేర్చెను. ఆ సవరణమే ఆ సంఘములలో మూడవవంతునకు తక్కువగాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించెను. ఈ రెండును ఒకే శాసనమున నుండుట మనకు మంచి యవకాశము. పిల్లలు ఎచట ఆడుకొందురో, వృద్ధురాలైన అత్తగారు సాయంకాలమున ఎచట నాలుగడుగులు వేయునో, ఏ వీధిలో ఏ యింటికి పెరడు లేదో స్త్రీలు ఎరిగినంతగా పురుషు లెరుగరు. ఆ యెరుక ఇంటిలోనే యుండిపోయినచో ప్రయోజనము లేదు. సంఘపు సభలోనికి పోవలెను.

వ్యాధులు మరల రాకపోవు. వచ్చినప్పుడు మన వార్డు ప్రతినిధిని, ఆమె మన సోదరియే యైనను, మూడు ప్రశ్నలు అడుగుదము. ఈ చోటు మూసినచో మరియొక చోటు లేనివా రెవరు? మూయకయే గుంపును తగ్గించుటకు వేళలు పంచుట, వేరువేరు ద్వారములు పెట్టుట మొదలగు ఉపాయములన్నియు చూచితిరా? తప్పక మూయవలసివచ్చినచో, మరల విచారించు దినమేది? ఈ మూడవదానికి సమాధానము తాళము వేసిన దినముననే నోటీసుబోర్డుపై వ్రాసియుండవలెను. వ్యాధి లేని దినములలో గూడ మన పేటలోని పార్కునకు కాపరి యున్నాడా, నీళ్లున్నవా, దీపము వెలుగుచున్నదా యని విచారించుచుండుట మన విధి. మంచి దినములలో మనము పట్టించుకొనని తోటను చెడ్డ దినములలో మన కొరకు తెరచియుంచువా రుండరు.