గేటుకీపరు పడిపోతే...

పాత సినిమాల్లో హీరో రెండుసార్లు దగ్గి, తెల్ల చేతిరుమాలు మీద ఎర్రమరక చూపించాడంటే చాలు, ప్రేక్షకుడికి కథ అర్థమైపోయేది. క్షయ! ఇక మూడు రీళ్ళే ఆయుష్షు! విరహం వల్ల వచ్చిందనుకుని హాల్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. జర్మనీలో కోచ్ అనే ఆయన 1882లోనే దాని క్రిమిని పట్టేశాడని మన కథారచయితలకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

అలాగని వాళ్ళది పూర్తిగా తప్పనీ అనలేం లెండి. ఆ క్రిమి సోకిన నూరుమందిలో జబ్బుపడేది అయిదు నుంచి పదిమందే. తక్కినవాళ్ళ ఒంట్లో అది కిక్కురుమనకుండా పడుకునుంటుంది. మరి ఎవరిలో లేస్తుంది? కడుపునిండా తిండి లేనివాడిలో, తాగేవాడిలో, చక్కెరజబ్బు వాడిలో. దేవదాసు తాగాడు, తినలేదు, నిద్రపోలేదు... దగ్గక ఏం చేస్తాడు! తెరమీద అలా పోయిన అక్కినేని మాత్రం 1974లో అమెరికాలో గుండె ఆపరేషనై కూడా, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటూ 2014 దాకా, తొంభయ్యేళ్ళు బతికారు.

ఇప్పుడు చీమకుర్తికి వద్దాం. బంగారు చుక్కల నల్లరాయి 'బ్లాక్ గెలాక్సీ' మన ప్రకాశం జిల్లాలో ఇక్కడే కదా! మన రాయి ఎక్కడెక్కడి దేశాల హోటళ్ళలోనో నేలై మెరుస్తోంది. ఇక్కడ కోసేవాడికి మిగిలేది దుమ్ము.

ఊపిరితిత్తుల్ని సినిమాహాలు అనుకోండి. గేటు దగ్గర తెల్లకణం కాపలా. టిక్కెట్టు లేకుండా ఏ క్రిమి వచ్చినా గుటుక్కున మింగేస్తుంది. రాతిలో క్వార్ట్జు ఉంటే, దాని సన్నదుమ్మునీ అలాగే మింగుతుంది. కానీ అరగదు. గేటుకీపరే చచ్చిపోతాడు! ఆ దుమ్ము బయటపడి ఇంకొకణ్ణి చంపుతుంది. అలా ఊపిరితిత్తి గట్టిపడిపోవడమే సిలికోసిస్. తెరిచిన గేటులోంచి క్షయ దర్జాగా లోపలికొస్తుంది.

గెలాక్సీ రాయి అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతిది, క్వార్ట్జు తక్కువ అంటారు శాస్త్రజ్ఞులు. నిజమే. కోత మిషనుకొచ్చే రాళ్ళన్నీ ఆ జాతివే కానక్కర్లేదుగా!

"సాయంత్రం బెల్లంముక్క తింటే దుమ్ము దిగిపోద్ది" అంటారు కొందరు. ఇంకొందరు క్వార్టరు సీసా పేరు చెబుతారు. బాబూ, బెల్లం వెళ్ళేది పొట్టలోకి, దుమ్ము ఉన్నది ఊపిరితిత్తుల్లో! సీసా అయితే క్షయకి ఎదురెళ్ళి పిలిచినట్టే. ముక్కుకి కట్టే తువ్వాలు సన్నదుమ్ముని ఆపదు. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు లేవదు.

తిండి సంగతి చూడండి. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్ళవాళ్ళకి అదనంగా బియ్యం, పప్పులు ఇచ్చి చూశారు. 2023లో ఫలితాలొచ్చాయి. ఇంట్లో కొత్త కేసులు నూటికి నలభై దాకా తగ్గాయి. ఇంజక్షను కాదండీ, పప్పన్నం! నిద్రా అంతే. 2015లో అమెరికాలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ వేసి చూస్తే, ఆరుగంటల లోపు పడుకునేవాళ్ళకి, ఏడు దాటి పడుకునేవాళ్ళకంటే నాలుగురెట్లు పట్టింది. నైట్‌షిఫ్టు చేసొచ్చి పగలు రేకులషెడ్డులో పడుకునేవాడి మాటేమిటో!

దగ్గు రెండువారాలు దాటితే ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. "రాతిపని చేస్తాను" అని డాక్టరుకి మొదటే చెప్పండి. సిలికోసిస్ చట్టప్రకారం వృత్తిజబ్బు, దానికి పరిహారం అడగొచ్చు. చెప్పకపోతే చీటీమీద ఉత్త 'టీబీ' అని పడుతుంది. అప్పుడు యజమానికి ఏ బాధ్యతా లేదు.