క్లేర్‌మాంట్ మేడ గోడలు

ఆంగ్ల నవలలు చదివే మనకు ఆ దేశపు ప్రభువుల పల్లెటూరి భవనాలు కొత్త కావు. కొలను, పచ్చిక బయలు, చెట్ల నడుమ తెల్లని స్తంభాల మేడ! అయితే ఆ మేడకు ధనం ఎక్కడినుండి వచ్చిందని మనం అడగము. అడగవలసి ఉన్నదని మా అభిప్రాయం. ఇందుకు లండను సమీపాన సర్రే మండలంలోని క్లేర్‌మాంట్ చక్కని ఉదాహరణ.

ముందుగా తోట విషయంలో న్యాయం పాటించాలి. అది మన సొమ్ముతో వెలసినది కాదు. వాన్‌బ్రో అనే నాటకకర్త, వాస్తుశిల్పి అక్కడ తనకొక చిన్న ఇల్లు కట్టుకొన్నాడు. 1714లో దానిని కొన్న ప్రభువు తన క్లేర్ బిరుదును ఆ స్థలానికి పెట్టాడు. ఆయన కాలంలోనే బ్రిడ్జ్‌మన్ కొండవాలును మెట్లుమెట్లుగా తొలిపించి పచ్చిక రంగస్థలాన్ని తీర్చాడు. గుండ్రని కొలనును కెంట్ నడుమ లంకతో సహజమైన చెరువు వలె మార్చాడు. మొగలు తోటల చదరపు క్రమానికి అలవాటుపడిన మన కంటికి ఇది వింతగా తోచవచ్చు గాని, ఆ కళను మెచ్చుకొనడానికి మాకు సంకోచం లేదు.

మేడ కథ వేరు. ఆ ఎస్టేటును తరువాత కొన్నవాడు రాబర్టు క్లైవు. ప్లాసీ యుద్ధం జరిగిన 1757లో మీర్ జాఫరు అతనికిచ్చిన కానుక 2,34,000 పౌన్లు. 1759లో లభించిన జాగీరుపై ఏటా వచ్చినది సుమారు 27,000 పౌన్లు. 1765లో షా ఆలం చక్రవర్తి నుండి బెంగాలు దివానీతో పాటు మన ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందినవాడూ ఇతడే. కనుక ఆంధ్రులకు ఈ కథ పరాయిది కాదు.

క్లైవు పాత ఇంటిని కూల్చివేయించి, బ్రౌన్, హాలండ్ అనే శిల్పుల చేత కొత్త మేడ లేపించాడు. ఆ గోడలు లేస్తున్న కాలంలోనే, 1770లో, బెంగాలును క్షామం కబళించింది. మూడవ వంతు జనులు నశించారని వారన్ హేస్టింగ్సు అంచనా. సైతాను లోపలికి రాకుండా ప్రభువు గోడలను అంత మందంగా కట్టిస్తున్నాడని సర్రే రైతులు గుసగుసలాడుకొన్నారని మెకాలే వ్రాశాడు. వారు బెంగాలును చూచినవారు కారు. అయినా వారికి తోచినది మన పాఠాలలో ఎవరికీ తోచకపోవడం విచారకరం.

1774లో క్లైవు మరణించాడు. మేడ సుఖం అతనికి దక్కలేదు. నేడు ఆ మేడలో పాఠశాల నడుస్తున్నది, తోట నేషనల్ ట్రస్టు రక్షణలో ఉన్నది. వచ్చే సంవత్సరం ఆంగ్ల శాఖ, చరిత్ర శాఖ కలసి ఒక్క పాఠమైనా చెప్పే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. తోట పటము, జాగీరు లెక్క ఒకే బల్లపై పరచి చూపితే చాలును.