బొగ్గు బండి లెక్కలు ఎవరి బీరువాలో ఉన్నయి?

డోర్నకల్ జంక్షన్ నుంచి ఇల్లందుకు సుమారు 16 మైళ్లు. 1880ల చివర ఈ తొవ్వ మీద పట్టాలు పరిచింది పట్నం పోయే మనిషి కోసం కాదు. అంగడికి పోయే రైతు కోసం అసలే కాదు. బొగ్గు కోసం. అడవిలో తవ్విన బొగ్గును బెజవాడ పోయే పెద్ద లైనుకు చేర్చడానికి వేసిన సందు లైను అది. దాని కథ అడిగితే సాధారణంగా దొరికే జవాబు రెండు ముక్కలే. నిజాం రైలు వేయించిండు, కింగ్ దొర బొగ్గు కనిపెట్టిండు. కింగ్ 1871లో భూగర్భ సర్వే తరఫున వచ్చిన మాట నిజమే. అంతకు ముందే భద్రాచలం పోయే యాత్రికులు పెట్టుకున్న పొయ్యి రాళ్లకే మంట అంటుకున్నదని ఇల్లందు దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటరు. ఊరికి బొగ్గుట్ట అన్న పేరు ఉట్టిగనే రాలేదు. కనిపెట్టినోళ్ల జాబితాలో మాత్రం దొర ఒక్కడే ఉంటడు.

ఆ లైను కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నయి, వాటిని ఎవరు చూడొచ్చు అన్నది మన ప్రశ్న. ఇదేదో పాత ఆవిరి ఇంజన్ల మీద మోజు అనుకోవద్దు. సరుకు రవాణా చేసే రైలు అంటేనే లెక్కల మూట. ఖాళీ వ్యాగన్ బరువెంత, నింపినంక కాంటా మీద ఎంత తూగింది, ఏ స్టేషన్‌కు పోయింది, ఎవరి పేరు మీద రసీదు అయింది, కిరాయి ఎంత అన్నది ప్రతి బండికీ రాయాల్సిందే. రాయకపోతే రైలుకు పైసలు రావు. కట్ట పోసిన కూలీలకు మస్టర్లు, గ్యాంగులకు హాజరు పుస్తకాలు, తీసుకున్న భూమికి పటాలు వేరే ఉంటయి. దక్షిణాదిలో ఇంత పెద్ద బొగ్గు క్షేత్రం ఇంకోటి లేదు. మన నేల నుంచి బొగ్గు ఎంత పోయింది, ఎవరి పొయ్యిలో మండింది, ఆ లాభం ఎవరికి చేరింది అన్న ప్రశ్నకు ఉపన్యాసాలు జవాబు చెప్పలేవు. వ్యాగన్ రిజిస్టరు చెప్తది.

ఇట్ల అడుగుడు మనతోని మొదలు కాలేదు. 1883లో హైదరాబాద్‌లో చాందా రైల్వే గొడవ జరిగింది. సంస్థానం మీదుగా చాందా దాకా రైలు వేసే పని లండన్ పెట్టుబడిదారుల చేతికి పోతున్నదని తెలిసి, చదువుకున్న జనం కొందరు ఒక్కటైండ్రు. ఒప్పందం షరతులేందో ప్రజల ముందర పెట్టుమన్నరు. అంత చిన్న మాటకే సర్కారు బుగులు పడ్డది. ముందు నిలబడ్డోళ్లలో ఒకరైన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, ఆ ఏడాది మే నెలలోనే రాజ్యం నుంచి వెళ్లగొట్టింది. హైదరాబాద్ సంస్థానంలో మొట్టమొదటి ప్రజా నిరసన ఏదంటే చరిత్ర చదివినోళ్లు దీన్నే చూపిస్తరు. అది రైలు కాగితాలు చూపించుమన్న నిరసన. విద్యార్థి మిత్రులు ఈ సంగతి యాది పెట్టుకోవాలె.

అడిగినోళ్లను పంపించేసినంక పని సాఫీగా నడిచింది. లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది. పెట్టుబడికి 20 ఏండ్ల పాటు 5 శాతం రాబడి గ్యారంటీ ఇచ్చింది మన ఖజానా. బండి నిండినా నిండకున్నా వాటాదారుకు మాత్రం ముడుతది. 'గ్యారంటీడ్' అన్న మాట పేరులో ఎందుకున్నదో చాలామంది ఆలోచించరు. ఆ రైలు బేరం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్కే తర్వాత గనుల బేరమూ నడిపిండు. 1886లో హక్కులు ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పోయినయి. ఆ వాటాల వ్యవహారం ఎంత కంపు కొట్టిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటే విచారణ కమిటీ వేసింది, హక్ పదవి ఊడింది. ఇల్లందు బొగ్గు బేరంలో ఎవరెవరు ఎంత మింగిండ్రో తెలుసుకోవాలంటే ఇయ్యాల కూడా ఆ లండన్ నివేదికనే తిరగెయ్యాలె. మన ఇంట్ల దొంగలు పడితే పంచనామా పక్కూరిలో ఉన్నట్టు!

తర్వాత యజమానులు మారుకుంట వచ్చిండ్రు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి దక్కన్ కంపెనీ ఆస్తులన్నీ తీసుకున్నది. 1930లో రైలును నిజాం సర్కారు కొన్నది. 1951లో ఆ రైలు బొంబాయి కేంద్రంగా ఉన్న సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. ఆఫీసుల్లో పని చేసేటోళ్లకు ఇందులో సంగతి చెప్పకుండనే అర్థమైతది. హెడ్డాఫీసు మారితే బీరువాలు కదులుతయి. ఏ ఫైలు ఎన్నేండ్లు ఉంచాలె, ఏది తగలబెట్టొచ్చు అని రైల్వేకు నిబంధనలున్నయి. కూలీ మస్టరు కన్నా దొరల ఒప్పందం ఎక్కువ కాలం బతుకుతది. ఒక్క సర్వీసు బుక్కు కనపడకపోతే పెన్షన్ కోసం ఎన్ని మెట్లు ఎక్కాల్నో ఉద్యోగులకు ఎరుకే. ఒక ప్రాంతం సర్వీసు బుక్కు పోతే ఏ మెట్లు ఎక్కాలె?

లెక్క దొరికితే ఎట్లుంటదో చూడండి. 1932లో నిజాం రైల్వే బస్సులు మొదలుపెట్టినప్పుడు 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు అని ఆర్టీసీ కార్మికుడు ఎవరైనా నిద్రలో లేపినా చెప్తడు. ఎవరో రాసి పెట్టిండ్రు కాబట్టి చెప్తున్నడు. మరి ఇల్లందు లైను కట్ట మీద తట్ట మోసినోళ్లు ఎందరు? ఏ ఊర్లోళ్లు? అడవి జ్వరాలకు ఎందరు పోయిండ్రు?

మన ఉద్యమం పొడుగునా కొట్లాట కాగితాల మీదనే నడిచింది. 1969 ఉద్యమానికి నిప్పు పడ్డది ఇదే బొగ్గు మండే కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో, ముల్కీ ఉద్యోగాల లెక్క మీద. మిగులు నిధులను లలిత్ కమిటీ లెక్కిస్తే ఒకటి వచ్చింది, భార్గవ కమిటీ లెక్కిస్తే ఇంకోటి వచ్చింది. 1985 నాటి 610 జీవో, 2001లో వేసిన గిర్‌గ్లానీ కమిషన్ కూడా ఎవరు ఏ పోస్టులో ఉన్నరో తేల్చే పంచాయితీలే. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలై గని కార్మికుడు దిగకపోతే కరెంటు ఎట్ల కటకటలాడిందో అందరం చూసినం. ఆ బలం మోపులు కట్టి మోసింది ఈ బొగ్గు బండే. 2014 జూన్ 2న రాష్ట్రమైతే వచ్చింది. సింగరేణిలో 51 శాతం తెలంగాణ సర్కారుది, 49 శాతం కేంద్రానిది. రైలు మొత్తం కేంద్రానిదే. అడగాల్సిన తలుపులు రెండు అన్నమాట. రెండూ అవతలి తలుపు దిక్కు చూపిస్తయని కూడా మనకు తెలుసు.

కాబట్టి అడిగేది వివరంగనే అడుగుదాం. తార్నాక పురాభిలేఖాగారంలో, సింగరేణిలో, దక్షిణ మధ్య రైల్వేలో ఈ లైనుకు సంబంధించినవి ఏమున్నయో మూడింటికీ కలిపి ఒక్క జాబితా అచ్చెయ్యాలె. లండన్‌లో ఉన్నవాటి నకళ్లు తెప్పించాలె. నిజాం నాటి దఫ్తర్లు ఫార్సీలో, ఉర్దూలో ఉంటయి. తారీఖులు ఫస్లీలో ఉంటయి, 590 కలిపితే గాని మన ఏడాది తేలదు. గొలుసుకట్టు ఉర్దూ చదివే పెద్దలు ఏడాదికేడాది తగ్గుతున్నరు. ఉస్మానియా, కాకతీయ విద్యార్థులు పది మందిని వాళ్ల పక్కన కూర్చోబెట్టాలె. జీతమిచ్చే కూర్చోబెట్టాలె, సేవ పేరు చెప్పి కాదు. గూడేల భూమి పటాలు ముందు తీయాలె. ఏజెన్సీ ప్రాంతంలో భూమి ఎవరిదన్న కొట్లాట ఇంకా ఒడవలేదు, పాత రైలు పటంలో గీత ఒక కోయ కుటుంబానికి సాక్ష్యం కావొచ్చు.

పాతవి సరే, కొత్తవి కూడా ఉన్నయి. భద్రాచలం రోడ్డు నుంచి సత్తుపల్లికి బొగ్గు కోసమే 54 కిలోమీటర్ల లైను 2022లో మొదలైంది. ఖర్చులో పెద్ద వాటా సింగరేణే పెట్టింది. (భద్రాచలం రోడ్డు స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. నమ్మి దిగినోడు ఇంకో 40 కిలోమీటర్లు పోయి గోదారి దాటాలె. పేరు పెట్టినోడికి తొవ్వ తెల్వదు.) ఆ లైనుకు ఎవరి పొలం ఎంత పోయింది, ఎవరికి ఎంత పరిహారం ముట్టింది అన్న కాగితాలు ఇప్పుడైతే పచ్చిగనే ఉన్నయి. వాటి నకళ్లు భూములిచ్చిన ప్రతి ఊరి పంచాయతీ ఆఫీసులో పెట్టడానికి ఒక్క ఉత్తర్వు చాలు.