ముగ్గురికి ఒకడు: ఈ బేరం న్యాయమేనా?

పిల్లలు తమలో తాము ఆడుకునే ఆటలో పెద్దవాళ్ళు ధరల పట్టిక పెట్టకూడదని నా అభిప్రాయం. మన బడి పిల్లల బాస్కెట్‌బాల్ లీగు గురించి ఈ శీతాకాలంలో తల్లిదండ్రుల మధ్య జరిగిన వాదన చాలామంది చెవిన పడే ఉంటుంది. మీటింగులో మాట్లాడడానికి నాకు దొరికింది మూడు నిమిషాలు. అందులో సగం మైకు సరిచేయడానికే పోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఈ లీగులో బంతి లేదు, కోర్టు లేదు, చెమట అసలే లేదు. అంతా కంప్యూటర్లోనే. ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా ఒక జట్టుకి జనరల్ మేనేజరు. ఆటగాళ్ళను కంప్యూటరే పుట్టిస్తుంది, పేర్లూ అదే పెడుతుంది. ఒక్కొక్క ఆటగాడికి వయసు, జీతం, ఇంకా ఎన్నేళ్ళు ఒప్పందం ఉంది అన్న వివరాలతో పాటు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఇప్పటి సత్తా. రెండోది ముందు ముందు ఎంతదాకా ఎదగవచ్చు అన్న అంచనా. దాన్ని పొటెన్షియల్ అంటారు. ఎవరికి ఎంత జీతమివ్వాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి అన్నది మేనేజరు తేల్చుకోవాలి. ఆట మాత్రం కంప్యూటరు తనే ఆడేసి ఫలితం చెబుతుంది. మన పిల్లలు వాడేది బాస్కెట్‌బాల్ జీఎమ్ అనే ఉచితమైన ఆట, బ్రౌజరులోనే నడుస్తుంది. ఎన్‌బీఏ 2కె ఆడే ఇళ్ళల్లోనూ ఇలాంటి లీగు నడిపే పద్ధతి ఉంది.

కంప్యూటరు నడిపే జట్టుతో బేరం పెడితే అది లెక్క కట్టి ఒప్పుకుంటుంది, లేదా పొమ్మంటుంది. ఇద్దరు పిల్లల మధ్య బేరమైతే అవునో కాదో చెప్పాల్సింది వాళ్ళే. గొడవ వచ్చింది అక్కడే.

తొమ్మిదేళ్ళ పాప ఒకరి జట్టులో 29 ఏళ్ళ ఆటగాడున్నాడు, సత్తా 68. ఈ ఆటలో 70 దగ్గరికి వచ్చాడంటే పెద్ద స్టారే. హైస్కూలు చదివే ఒక అన్నయ్య అతన్ని అడిగి, బదులుగా ముగ్గుర్నిచ్చాడు. వాళ్ళ అంకెలు 49, 47, 46. పాప కూడికలో గట్టిది. 68 ఇచ్చి 142 తెచ్చుకున్నానని ఇల్లంతా గంతులేసింది. రెండు రోజుల తరువాత ఎవరో "నిన్ను అన్నయ్య ముంచేశాడు" అన్నారు. ఏడుపు, ఫోన్లు, రెండు కుటుంబాల మధ్య కాస్త ముభావం. ఆపైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక తండ్రి, మంచి మనసుతోనే, ఒక ఎక్సెల్ పట్టిక తయారుచేశారు. ప్రతి ఆటగాడికీ ఒక ధర. రెండు వైపుల ధరల మొత్తాల మధ్య పదిశాతం కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ బేరం చెల్లదు. చూడడానికి ఎంత న్యాయంగా ఉంది!

కానీ ఆ పట్టికలో ఉన్న తప్పు ఆ పాప కూడికలో ఉన్న తప్పే. బాస్కెట్‌బాల్లో అంకెలు కూడవు. పది ఒక డాలరు నోట్లిస్తే పది డాలర్ల నోటు వస్తుంది గానీ, మామూలు ఆటగాళ్ళు పదిమందినిచ్చినా ఒక స్టారు రాడు. ఎందుకని? కోర్టు మీద ఒక జట్టుకి అయిదుగురే. ఎన్‌బీఏ ఆట 48 నిమిషాలు. అంటే ఒక జట్టు పంచుకోగలిగిన నిమిషాలు 240, అంతకు మించి ఒక్కటి కూడా దొరకదు. స్టారు ఒక్కడు ఆడే నిమిషాలను ముగ్గురు మామూలువాళ్ళు పంచుకుంటే, ఆ నిమిషాలన్నీ మామూలుగానే ఉంటాయి. పైగా జట్టులో పదిహేనుమందికి మించి ఉండకూడదు. పాపకి ముగ్గురొచ్చారు గనుక ఉన్నవాళ్ళలో ఇద్దరిని వదిలేయాల్సి వచ్చింది. వదిలేసిన వాళ్ళకీ ఒప్పందం ముగిసేదాకా జీతం కట్టాలి! ఈ ఆట రాసినవారికి ఇది తెలుసు. అందుకే కంప్యూటరు విలువ కట్టేటప్పుడు సత్తా కాస్త పెరిగితే ధర చాలా పెరిగేలా లెక్క పెట్టారు. అదే మూడు ఆటగాళ్ళను కంప్యూటరు జట్టుకిచ్చి అలాంటి స్టారునడిగి చూడండి, మొహం మీదే తలుపు వేస్తుంది.

అయితే పట్టికకి కూడిక బదులు ఆ లెక్క నేర్పితే సరిపోతుంది కదా అని ఆ తండ్రిగారు నన్నడిగారు. సరిపోదు. విలువ ఆటగాడిలో మాత్రమే ఉండదు, అడిగేవాడి అవసరంలోనూ ఉంటుంది. దీనికి ఎన్‌బీఏలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2013లో బ్రూక్లిన్ నెట్స్ వాళ్ళు వెంటనే కప్పు కొట్టాలన్న తొందరలో బోస్టన్ సెల్టిక్స్ నుంచి కెవిన్ గార్నెట్‌ని, పాల్ పియర్స్‌ని, జేసన్ టెర్రీని తెచ్చుకున్నారు. గార్నెట్‌కి అప్పటికి 37 ఏళ్ళు, మిగతా ఇద్దరికీ 35. బదులుగా ఇచ్చిన వాటిలో ముఖ్యమైనవి 2014, 2016, 2018 సంవత్సరాల మొదటి రౌండు పిక్‌లు, 2017లో పిక్‌లు మార్చుకునే హక్కు. పిక్ అంటే కొత్తగా వచ్చే కుర్రాళ్ళలో నుంచి ఎంచుకునే వంతు. పేర్ల ప్రతిష్ఠతో లెక్కవేస్తే ఆ రోజు బ్రూక్లిన్‌దే పైచేయి. కప్పు మాత్రం రాలేదు. 2016 పిక్‌తో బోస్టన్‌కి జేలెన్ బ్రౌన్ దొరికాడు. 2017లో మార్చుకున్న పిక్ మొదటి స్థానంలో వచ్చింది. దాన్ని ఫిలడెల్ఫియాకిచ్చి మూడో స్థానంతో పాటు మరో పిక్ కూడా పుచ్చుకుని, ఆ మూడో స్థానంలో జేసన్ టేటమ్‌ని తీసుకున్నారు. 2024లో బోస్టన్ కప్పు గెలిచినప్పుడు జట్టుకి ఈ ఇద్దరే మూలస్తంభాలు. ఇవాళ గెలవాలనుకునేవాడికి ముప్పై అయిదేళ్ళ వీరుడు ముద్దు, పదేళ్ళు ఆగగలిగేవాడికి ఇంకా కాలేజీలో కూడా చేరని పిల్లవాడు ముద్దు. బాస్కెట్‌బాల్ జీఎమ్‌లో కూడా కంప్యూటరు జట్లు ఇలాగే ఆలోచిస్తాయి. కొత్తగా కట్టుకుంటున్న జట్టు పిక్‌లకి ఎక్కువ విలువిస్తుంది, వయసు మీరినవాళ్ళకి తక్కువ.

మన ఊళ్ళ పశువుల సంతలో పళ్ళు చూసి ఎద్దు వయసు చెప్పేవారు. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునేవారు. ఎదుటివాడి అవసరం ఎంతో పక్కవాడికి తెలియకూడదని ఆ తువ్వాలు. (ఆటగాళ్ళను ఎడ్లతో పోల్చానని పిల్లలు కోప్పడకండి.) ఎక్సెల్ పట్టికలో ఆ తువ్వాలు పరచడానికి గడి ఏదీ?

ఇక ఆ పాప బేరం దగ్గరికొస్తే, నేను రెండు జట్లనూ కూర్చుని చూశాను. పాప జట్టులో ఆ స్టారు తప్ప ఆడగలిగినవాళ్ళు ఇద్దరు. మరో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ఏడు మ్యాచ్‌లు వరసగా ఓడిపోయింది. అన్నయ్య జట్టులో నలుగురు గట్టివాళ్ళున్నారు, అయిదోవాడు లేడు. అతనికి ఆ స్టారు విలువ ఆ పాపకున్న విలువకంటే ఎంతో ఎక్కువ. కాబట్టి బేరం జరగడంలో తప్పు లేదు. ధర తక్కువైంది, అంతే. "నీకు ఈయన అంత అవసరమా అన్నయ్యా? అయితే నీ మొదటి రౌండు పిక్ కూడా ఇవ్వు" అని పాప అడిగి ఉంటే అతను ఇచ్చేవాడే. నేనడిగితే ఒప్పుకున్నాడు కూడా. పాప అడగలేదు, ఎందుకంటే అన్నయ్య అడిగాడు, అన్నయ్య మంచివాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళతో బేరమాడడం మర్యాద కాదని నేర్పుతాం. ఆ మర్యాదను తప్పుపట్టను. కానీ పదేళ్ళ తరువాత ఈ పాపే ఉద్యోగానికి వెళ్ళి జీతం ఎంత కావాలని అడిగితే తల దించుకుని "మీ ఇష్టం" అనడం నాకు ఇష్టం లేదు. పట్టిక పెడితే ఆమె ఎప్పుడూ అడగనక్కరలేదు. పట్టికే అడుగుతుంది.

మరి ఎవరైనా పెద్దవాళ్ళు బేరాలను చూసి, అన్యాయమైతే కొట్టేయవచ్చు కదా అని కొందరన్నారు. 2011 డిసెంబరులో ఎన్‌బీఏ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ అదే చేశారు. అప్పుడు న్యూ ఓర్లీన్స్ హార్నెట్స్ జట్టు లీగు చేతిలోనే ఉండేది. క్రిస్ పాల్‌ను లేకర్స్‌కి పంపే బేరాన్ని ఆయన ఆపేశారు. వారం తిరగకుండా పాల్ అదే ఊళ్ళోని క్లిప్పర్స్‌కి వెళ్ళాడు. ఆపినందుకు హార్నెట్స్‌కి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కమిషనరుకే ఆ గతి పట్టిందంటే, శనివారం పొద్దున అట్లపిండి రుబ్బుకుని బడికి పరుగెత్తుకొచ్చే మనలో ఎవరికి ఆ పని అప్పగిస్తాం?

దానికంటే నాకు నచ్చిన రూలు ఒకటుంది. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ జట్టు భవిష్యత్తు పిక్‌లన్నీ ఎడాపెడా ఇచ్చేశాడు. అప్పుడు లీగువాళ్ళు పట్టిక రాయలేదు. రాబోయే సంవత్సరాల్లో వరసగా రెండేళ్ళు మొదటి రౌండు పిక్ లేకుండా ఏ జట్టూ ఉండకూడదన్నారు. దాన్ని ఇప్పటికీ స్టెపియన్ రూలనే పిలుస్తారు. అది ధర చెప్పదు. నష్టపోయినవాడు మళ్ళీ లేవడానికి చోటుంచుతుంది. పిల్లల ఆటకి కావలసిన కాపలా అంతవరకే.

ఇంకో మాట. ఇది పిల్లల గురించి కాదు, మన గురించి. ఈ ఆట మొదలెట్టిన కొన్ని వారాలకి మా వాడు భోజనం దగ్గర "నాన్నా, నా పొటెన్షియల్ ఎంత?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు. వాడిది ఆటలో నేర్చుకున్న మాట, నిజమే. కానీ ఆ ప్రశ్న ఆటలోంచే వచ్చిందా? మన పార్టీల్లో ప్లేట్లు పట్టుకుని మనం మాట్లాడేదేమిటి? ఎవరి అబ్బాయికి ఎస్‌ఏటీలో ఎంత, ఎవరి అమ్మాయి స్పెల్లింగ్ బీలో ఏ రౌండుదాకా వెళ్ళింది. కాకిపిల్ల కాకికి ముద్దు, మళ్ళీ పొరుగింటి పుల్లకూర రుచి. రెండు సామెతలూ ఒకే మనిషిలో ఒకే సాయంత్రం కనిపిస్తాయి. లీగులో కూడా పిల్లలు చేసేదిదే. తన ఆటగాడికి కొండంత ధర చెబుతారు, పక్కవాడి జట్టులో కుర్రాణ్ణి చూసి నోరూరుతుంది.

మా వాడికి నేను ఆటనే చూపించాను. తెరమీద కనిపించే అంకె అసలు అంకె కాదు. ఆట రాసినవారు దాంట్లో కావాలనే కాస్త తప్పు కలిపారు. ఆ తప్పు కుర్రవాళ్ళ విషయంలో ఎక్కువ, ఆడిన కొద్దీ తగ్గుతుంది. పొటెన్షియల్ అని రాసినది మాట ఇచ్చినట్టు కాదు. కొందరు దాన్ని దాటతారు, ఎక్కువమంది అందుకోరు. బయట చూసినా అంతే. 2014 డ్రాఫ్ట్‌లో నికోలా యోకిచ్ 41వ స్థానంలో వచ్చాడు. అంటే నలభైసార్లు అతన్ని కాదని వేరేవాళ్ళ పేర్లు పిలిచారు. 2021, 2022, 2024 సంవత్సరాల్లో అతనే ఎమ్‌వీపీ, 2023లో అతని జట్టు డెన్వర్‌దే కప్పు. స్టెఫెన్ కరీకి చీలమండ దెబ్బలు తగులుతూ ఉండడంతో 2012లో నాలుగేళ్ళకి 44 మిలియన్ డాలర్ల ఒప్పందమే దొరికింది. ఆ ఒప్పందం నడుస్తుండగానే 2015లో, 2016లో ఎమ్‌వీపీ అయ్యాడు. ఎదురు తప్పు కూడా జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో డాలస్ వాళ్ళు ఇంకా 26 నిండని లూకా డాన్‌చిచ్‌ని లేకర్స్‌కి పంపి, ముఖ్యంగా 31 ఏళ్ళ ఆంథొనీ డేవిస్‌నీ, ఒక్క మొదటి రౌండు పిక్‌నీ తీసుకున్నారు. ఆ బేరం చేసిన జనరల్ మేనేజరుకి అదే ఏడాది నవంబరులో ఉద్యోగం పోయింది. కోట్ల డాలర్లు, గదినిండా నిపుణులు పెట్టుకున్నవాళ్ళ అంచనాలే ఇలా ఉన్నాయి. భోజనాల బల్ల దగ్గర పదకొండేళ్ళ పిల్లవాడికి నేనే అంకె చెప్పను? పెరుగన్నం తినమన్నాను.

చివరికి కమిటీలో తేలింది ఇదీ. పట్టిక లేదు. పాప బేరం చెల్లుతుంది. అన్నయ్య తనంతట తానే రెండో రౌండు పిక్ ఒకటి చేర్చాడు, అది అతని మంచితనం. స్టెపియన్ రూలు ఈ సీజను నుంచి మన లీగులోనూ ఉంటుంది. బేరం కుదిరాక రెండు రోజులు ఆగాలి. ఈ లోపల ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు. నేను పట్టుబట్టి పెట్టించిన షరతు ఇంకొకటుంది. "నాకు ఇతను ఎందుకు కావాలి, నీకు ఎందుకు అక్కరలేదు" అన్నది ప్రతి మేనేజరూ మూడు వాక్యాల్లో, తెలుగులో, చేత్తో రాసి ఎదుటివాళ్ళకివ్వాలి. ఒత్తులు తప్పినా పరవాలేదు.

మొదటి ఉత్తరాలు పోయిన శనివారం వచ్చాయి. ఆరో తరగతి అబ్బాయి ఒకడు ఇలా రాశాడు: "మీ ముసలాయన నాకు కావాలి. మా టీమ్‌లో అందరూ చిన్నపిల్లలు, చెప్పేవాళ్ళు లేరు. మీకు ఆయన అక్కరలేదు ఎందుకంటే మీరు ఎలాగూ ఓడిపోతున్నారు." అవతలి అమ్మాయి జవాబు దానికంటే చిన్నది: "ముసలాయన కాదు, పెద్దాయన అనాలి. పెద్దాయన కావాలంటే రెండు పిక్‌లు." ఈ వ్యాసం అచ్చుకి వెళ్ళేనాటికి అబ్బాయి ఒకటిన్నర దాకా వచ్చాడు. సగం పిక్ ఎలా ఇస్తావురా అని అడిగితే, అది వచ్చేవారం రాస్తానన్నాడు.